సవరణ: మిడిల్ స్కూల్ లాంగ్వేజ్ ఆర్ట్స్‌లో కథలు ఉంటాయి

అమెరికా మిడిల్ స్కూల్ లాంగ్వేజ్ ఆర్ట్స్ (ఇంగ్లిష్ చదవడం, రాయడం నేర్పే సబ్జెక్ట్) గురించి నేను రాసిన పోస్టులో "ఇక కథలు తగ్గి వ్యాసాలు పెరుగుతాయి" అన్న వాక్యం చదివి, పిల్లలు కథలు రాయడమే ఉండదని కొందరు తల్లిదండ్రులు అనుకున్నారు. అలా కాదు. చాలా రాష్ట్రాలు ఆధారంగా తీసుకున్న 2010 నాటి కామన్ కోర్ ప్రమాణాల్లో (ఏ తరగతిలో ఏం నేర్చుకోవాలో చెప్పేవి) వాదన, వివరణ, కథనం మూడు రకాల రాతా ఉన్నాయి. బరువు పెరిగేది మాత్రం వాదనకే. ఆరో తరగతిలో తన మాటకు కారణాలు, చదివినదాంట్లోంచి ఆధారాలు చూపాలి. ఏడో తరగతి నుంచి ఎదుటివాళ్ల వాదననూ ప్రస్తావించాలి. (ఇంట్లో వాదించినదానికి మార్కులు రావు లెండి.)

ఆ పోస్టులోంచి స్పెల్లింగ్ టెస్టులు ఉండవన్న మాట కూడా తీసేశాను. అది టీచర్‌ని బట్టి ఉంటుంది. మొదటి డ్రాఫ్ట్ నిండా దిద్దుబాట్లతో తిరిగొస్తే టెన్షన్ పడకండి, తిరగరాయడం కూడా ఆ ప్రమాణాల్లో ఉన్నదే.