రన్‌వే ఉమ్మడిది, జవాబు ఎవరిది?

ఉత్తర జపాన్‌లోని అవొమొరి ప్రిఫెక్చర్‌లో, పసిఫిక్ తీరాన 40 వేల లోపు జనాభా గల చిన్న నగరం మిసావా. అక్కడి వైమానిక స్థావరంలో అమెరికా యుద్ధవిమానాలు, జపాన్ వైమానిక ఆత్మరక్షణ దళం, టోక్యోకు వెళ్లే పౌర విమానాలు ఒకే రన్‌వేను వాడుకుంటాయి. ఆ రన్‌వే మీద ఎవరి వాటా ఎంతో ఒప్పందాల్లో రాసి ఉంది గానీ, పైనుంచి ఏదైనా జారిపడితే కింద ఉన్నవారికి జవాబు చెప్పవలసింది ఎవరన్నది మాత్రం నేటికీ తేలలేదు.

2018 ఫిబ్రవరి 20 ఉదయం ఒక అమెరికన్ ఎఫ్‌-16 గాల్లోకి లేచీ లేవగానే ఇంజిన్‌లో మంటలు రేగాయి. పైలట్ రెండు ఇంధన ట్యాంకులను పక్కనే ఉన్న ఒగావరా సరస్సులో వదిలేసి వెనక్కి దిగాడు. ప్రాణాపాయంలో అతడు చేసిన పనిని మేము తప్పుపట్టడం లేదు. కానీ ఆ సమయంలో సరస్సులో వేట సాగుతోంది. ట్యాంకులు పడిన చోటికి కొన్ని వందల మీటర్ల దూరంలోనే పడవలు ఉన్నాయి. నీటిపై చమురు తేలడంతో, షిజిమి అనే చిన్న నల్ల గుల్లలకు పేరుపడ్డ ఆ సరస్సులో దాదాపు నెలపాటు వేట ఆగిపోయింది. పోయిన రోజుల కూలికి పరిహారం లెక్కగట్టవచ్చు. కొనేవాడి మనసులో పుట్టిన అనుమానానికి వెల కట్టడం ఎవరి తరం?

మరుసటి ఏడాది నవంబర్‌లో ఒక ఎఫ్‌-16 నుంచి నమూనా బాంబు శిక్షణ క్షేత్రం దాటి రొక్కషో గ్రామంలోని ప్రైవేటు భూమిలో పడింది. అణు ఇంధన పునశ్శుద్ధి కర్మాగారం కడుతున్నది ఆ గ్రామంలోనే! 2021 నవంబర్ 30న మరో విమానం ట్యాంకులు వదిలినప్పుడు, అవి జనసంచారం లేని చోట పడ్డాయని అమెరికా పక్షం ప్రకటించింది. తీరా చూస్తే ఒకటి ఫుకౌరా పట్టణంలో ఇళ్ల పక్కనే దొరికింది. భద్రత రూఢి అయ్యేదాకా ఎగరవద్దని టోక్యో కోరినా, కొద్ది రోజులకే ఎఫ్‌-16లు మళ్లీ ఎగిరాయి. ఆతిథ్య దేశం మాటకు దక్కిన విలువ అది. జపాన్‌లోని అమెరికా సైన్యం హక్కులు, బాధ్యతలను నిర్ణయించే 1960 నాటి బలగాల హోదా ఒప్పందం ప్రకారం, విధినిర్వహణలో జరిగిన నష్టానికి తప్పు పూర్తిగా అమెరికాదే అయినా పరిహారంలో నాలుగో వంతు జపాన్ ఖజానాయే భరించాలి.

ప్రమాదాలు అమెరికా విమానాలకే పరిమితం అనలేము. 2019 ఏప్రిల్‌లో మిసావా నుంచి బయల్దేరిన జపాన్ ఎఫ్‌-35ఎ సముద్రంలో కూలి పైలట్ మరణించాడు. స్థావరం పోవాలని ఊరంతా కోరుకుంటోందనడమూ సరికాదు. అది ఉద్యోగాలిచ్చింది, 2011 సునామీ తర్వాత సహాయక చర్యలకు కేంద్రమైంది. పైగా విమానాలతో ఈ ఊరి బంధం అంతకన్నా పాతది. 1931 అక్టోబర్‌లో అమెరికన్ వైమానికులు క్లైడ్ పాంగ్‌బోర్న్, హ్యూ హెర్న్‌డన్ ఇక్కడి సబిషిరో తీరం నుంచే లేచి, బరువు తగ్గించుకోవడానికి చక్రాలను సముద్రంలో వదిలేసి, 41 గంటలకు అమెరికాలోని వెనాచీ దగ్గర పొట్ట మీద విమానాన్ని దించారు. పసిఫిక్‌ను ఆగకుండా దాటిన తొలి విమానం అదే. ఆనాడు పైనుంచి రాలిన చక్రాలు ఊరికి గర్వకారణం కావడం, ఈనాటి ట్యాంకులు గుండెదడ కావడం చరిత్ర ఆడే చిత్రమైన ఆట.

మిసావాలోని 36 ఎఫ్‌-16ల స్థానంలో 48 ఎఫ్‌-35ఎలను మోహరిస్తామని 2024 జూలైలో అమెరికా ప్రకటించింది. ఇవీ ఒంటి ఇంజిన్ విమానాలే, సంఖ్యా పెరుగుతోంది. కనుక ఆపత్కాలంలో ట్యాంకులు, ఆయుధాలు వదలవలసిన ప్రాంతాలను మత్స్యకారులతో కూర్చుని ముందే నిర్ణయించాలి. ఏది ఎక్కడ పడిందో స్థానిక పాలకులకు వెంటనే నిజం చెప్పాలి. దర్యాప్తు ఫలితం చేతికి అందేదాకా అదే రకం విమానాలను నేలపైనే ఉంచుతామన్న హామీని టోక్యో ఈసారి అభ్యర్థనగా కాక, రాతపూర్వక షరతుగా రాబట్టాలి.