మూపురం లేని ఎద్దు, ఆరు పాయింట్ల మెసేజీ

ఈ వారంలో ఆ మెసేజీ నాకు అయిదోసారి వచ్చింది. మొదట బావ పంపాడు. తర్వాత వాకింగ్ గ్రూపు, టెన్త్ బ్యాచ్ గ్రూపులో రెండుసార్లు, ఆఖరికి అపార్ట్‌మెంట్ నీళ్ళ ట్యాంకర్ల గ్రూపు. "అమెరికా ఆర్ట్స్ కమిషన్ బండారం! ఒంగోలుకీ ఆ గతి పట్టకూడదంటే చదవండి" అని మొదలవుతుంది. ఆరు పాయింట్లు ఏకరువు పెట్టి, పది గ్రూపులకి పంపమని దండం బొమ్మతో ముగుస్తుంది. గోడల మీద బొమ్మలకీ, సెంటర్లలో విగ్రహాలకీ మన ఊళ్ళోనూ ఒక కమిటీ ఉంటే బాగుండునని ఎవరో అన్నారట. దానికి జవాబు అన్నమాట. మెసేజీ తిట్టేది శాన్‌ఫ్రాన్సిస్కో నగరం ఆర్ట్స్ కమిషన్‌ని; ఊరి సొమ్ముతో పెట్టే బొమ్మలూ విగ్రహాలూ, కళాకారులకిచ్చే గ్రాంట్లూ చూసేది అదే. నాలుగుసార్లు చదివి ఊరుకున్నా. ఇక నా వల్ల కాలేదు.

"శాన్‌ఫ్రాన్సిస్కోలో జనం పన్నుల్లో 2 శాతం బొమ్మలకి తగలేస్తారు." ఇది ఒకటో పాయింటు. తప్పు. 1969లో వాళ్ళు చేసుకున్న చట్టం చెప్పేదేంటంటే, నగరం ఒక కొత్త భవనమో పార్కో కడితే దాని కట్టుబడి ఖర్చులో 2 శాతం అక్కడ పెట్టే కళాకృతికి తీసి ఉంచాలి. పది కోట్ల బిల్డింగుకి ఇరవై లక్షలు. మీ ఇంటిపన్నులో రెండు శాతం కాదు నాయనా. శాతం కనపడగానే "దేంట్లో శాతం?" అని అడగం గాబట్టే చిట్టీల కంపెనీలు మన ఊళ్ళో అంత చల్లగా బతికాయి.

రెండోది, "ఇట్టాంటి తలనొప్పి మన దేశంలో యాడా లేదు". ఉంది. ఢిల్లీ అర్బన్ ఆర్ట్ కమిషన్, 1973 చట్టం. అది డబ్బులు పంచదు, కట్టడాల డిజైన్లు చూసి సలహా ఇస్తుంది. పని వేరైనా ఉండటం మాత్రం ఉంది. ఇంక ముందుకు పోదాం.

మూడోదాన్ని చివరికి ఉంచుతా. నాకు ఒళ్ళు మండింది దానికే.

నాలుగు: "విగ్రహాలు దాతలిస్తారు, ఊరికి పైసా ఖర్చు లేదు, మధ్యలో కమిటీ దేనికి?" దిమ్మె కింద జాగా దాత ఇంటినుంచి తెచ్చాడా? జయంతికీ వర్ధంతికీ దండ వేయడానికి నిచ్చెన ఎవరిది, ఆ గంటసేపు ఆటోలని ఆపి ఎండలో నిలబడే కానిస్టేబుల్ జీతం ఎవరిది? ఎన్నికల కోడ్ రాగానే నాయకుల విగ్రహాలన్నిటికీ ముసుగులు వేస్తారే, ఆ గుడ్డ కొనేదెవరు, కట్టేదెవరు, కోడ్ అయిపోయాక విప్పేదెవరు? రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద కొత్త విగ్రహాలకి అనుమతి ఇవ్వొద్దని 2013 జనవరి 18న సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. ఆ తర్వాత మీకు దగ్గర్లోని సెంటర్‌లో ఎన్ని లేచాయో మీరే లెక్కేసుకోండి. లెక్కేసేటప్పుడు అందులో ఆడవాళ్ళెంతమందో కూడా చూడండి. ఊరి విగ్రహాల్లో నిజంగా బతికిన మనుషులవి ఎన్నున్నాయో, వాటిలో కనీసం 30 శాతం స్త్రీలవి ఉండాలని శాన్‌ఫ్రాన్సిస్కో 2018లో ఆర్డినెన్స్ చేసుకుంది. మనం అంత దూరం పోనక్కర్లేదు. నెల్లూరులో 1923లోనే ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టిన పొణకా కనకమ్మ గారి పేరు మీ ఇంట్లో పిల్లల్ని అడిగి చూడండి. తెలిసిన పిల్ల దొరికితే నాకూ చెప్పండి.

అయిదోది దగ్గర కాస్త తగ్గుతా. "అమెరికాలో గుంపులు విగ్రహాలు కూల్చాయి, కమిషన్ చూస్తూ కూర్చుంది" అన్నారు. సగం నిజమే. 2020 జూన్ 19న గోల్డెన్ గేట్ పార్కులో జనం మూడు విగ్రహాలు పడగొట్టారు. అందులో ఒకటి బానిసత్వాన్ని నిలబెట్టాలన్న దక్షిణాది సైన్యాన్ని ఓడించిన జనరల్ గ్రాంట్‌ది! కోపానికి కళ్ళుండవు. కొలంబస్ విగ్రహాన్ని ముందురోజే నగరం వాళ్ళే రాత్రికి రాత్రి తీయించేశారు, పెద్దగా విచారణేం లేదు. దాన్ని నేను వెనకేసుకు రాను. కానీ రెండేళ్ళ ముందు జరిగిన కథ మెసేజీలో ఎందుకు లేదు? కింద పడున్న ఆదివాసి, అతని మీదకి వంగిన మతబోధకుడు, పక్కన గెలిచినవాడిలా స్పానిష్ కాలపు పశువుల కాపరి ఒకడు: అట్లాంటి శిల్పం ఒకటి అక్కడి సివిక్ సెంటర్ దగ్గర ఉండేది. తీసేయమని ఆదివాసులు ఎన్నో ఏళ్ళు మొత్తుకున్నారు. 2018లో కమిషన్ బహిరంగంగా సమావేశం పెట్టి, అందరి మాటా విని, తీసేయాలని ఓటేసింది. ఒకాయన అప్పీలుకి పోతే అప్పీళ్ళ బోర్డు ఆపేసింది. మళ్ళీ విచారణ, మళ్ళీ ఓటు. సెప్టెంబరులో కదిలింది. గునపం పట్టుకున్నవాళ్ళు లేరు, ఉన్నదల్లా ఫైలూ మైకూ. విసుగు పుట్టేంత నెమ్మది.

మెసేజీ రాసినాయనకి తట్టని ఇంకో తప్పు నేనే అప్పజెప్తా, వాడుకోండి. కవయిత్రి మాయా ఏంజెలో స్మారకం కోసం 2019లో ఎంపిక సంఘం లావా థామస్ అనే కళాకారిణి డిజైన్‌ని ఎంచింది. ఇంకా సంప్రదాయంగా, మామూలు విగ్రహంలా ఉండాలని పెద్దలొకరు అడ్డుపడితే, ఎంపికనే రద్దు చేసి మొదటికి తెచ్చారు. ఆమె ఊరుకోలేదు. 2020లో కమిషన్ క్షమాపణ చెప్పి పని మళ్ళీ ఆమెకే ఇచ్చింది. 2024లో మెయిన్ లైబ్రరీ బయట అది నిలబడింది. అంటే కమిషన్ దేవతల సభేం కాదు. తప్పు చేస్తే నిలదీయడానికి ఒక పేరూ ఒక చిరునామా ఉంటాయి, అంతే.

ఆరు: "ముందు నీళ్ళు, డ్రైనేజీ. బొమ్మలు తర్వాత." ఒప్పుకున్నా. ఎండాకాలంలో ట్యాంకర్ కోసం బిందెతో నిలబడ్డవాడిని, నాకు చెప్తారా? కాకపోతే బొమ్మలు వేయడం ఇక్కడ ఎవరూ ఆపలేదు. ప్రహరీ కనిపిస్తే చాలు రంగు పడుతోంది. పడేది ఎలా పడాలన్నదే మాట.

ఇప్పుడు మూడోది. అక్షరం మార్చకుండా: "సాంస్కృతిక సమానత్వం అంటే రిజర్వేషన్‌కి ముద్దుపేరు. వచ్చినోళ్ళని పక్కనబెట్టి రానోళ్ళకి రంగు చూసి డబ్బులిస్తారు. మన దగ్గర టెండరు ఉంది, పని వచ్చినోడికే పని."

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆ పేరుతో గ్రాంట్లు 1993లో మొదలయ్యాయి. అదే ఊళ్ళో నల్లవాళ్ళూ, చైనా నుంచి వచ్చినవాళ్ళూ, లాటినోలూ, ఆదివాసులూ తరాలుగా పాడుతూ ఆడుతూ ఉన్నారు. ఊరి సొమ్ము మాత్రం ఎక్కువగా పెద్ద హాళ్ళ గడప దాటి బయటికి రాలేదు. అందుకని ఈ గ్రాంట్లు. వాటికీ దరఖాస్తు పెట్టాలి, పని నమూనాలు చూపించాలి, ఆ రంగం తెలిసినవాళ్ళు కూర్చుని మార్కులేస్తారు, కమిషన్ అందరి ముందూ ఓటేస్తుంది. రానివాడికి ఇవ్వడం యాడుంది ఇందులో? వచ్చినవాడికి తలుపు ఎక్కడుందో చూపించడం ఉంది.

ఇక మన "పని వచ్చినోడికే పని" సంగతి. పోయిన ఎండాకాలం సాయంత్రం పూట ఒక ప్రభుత్వ ప్రహరీ మీద బొమ్మలు వేస్తున్నారు. ఏ ఆఫీసుదో చెప్పను, అట్టాంటి గోడలు చాలానే ఉన్నాయి. ఒక కుర్రాడు సెల్‌ఫోన్‌లో ఫొటో పెట్టుకుని ఎద్దుని దించుతున్నాడు. పక్కన యాభై దాటిన మనిషి రోలర్‌తో ఆకాశానికి నీలం పూస్తున్నాడు. రోలర్ పట్టిన తీరే వేరుగా ఉంటే మాటల్లో పెట్టా. తోలుబొమ్మలాట ఇంటివాడు. మేకతోలు గీకి, పలచన చేసి, ఉలితో చుక్కచుక్కగా తొలిచి, దీపం పెడితే సీత మెడలో హారం వెలిగేలా చేసే చెయ్యి అది. ఆ చేత్తో ఆకాశం పూస్తున్నాడు, రోజు కూలికి.

"బొమ్మ మీరే వేయొచ్చు గదా?" అన్నా.

"టెండరేయాలంటే జీయస్టీ నంబరు ఉండాలంట సార్. మూడేళ్ళ టర్నోవరు చూపించాలంట. ఈఎండీ అని ముందే డిపాజిట్ కట్టాలంట. మాకు యాడనుంచి వస్తయ్?"

ఇదండీ మన అర్హత. హనుమంతుడి కన్ను ఎంత ఉండాలో తెలియడం కాదు, టర్నోవరు. టెండరు పద్ధతే దొంగదని నేననను. సిమెంటు కొనాలన్నా కాలవ తవ్వించాలన్నా దాన్ని మించింది లేదు. కానీ బొమ్మని చదరపు అడుగు లెక్కన కొంటే చదరపు అడుగులే వస్తాయి. రిజర్వేషన్ అని గుండెలు బాదుకుంటున్న పెద్దమనుషులారా, ఈ గోడ మీద రిజర్వేషన్ ఎవరికుందో కాస్త చెప్పండి. మూడేళ్ళ టర్నోవరు ఉన్న కులానికే గదా?

ఆ గోడ కథ ఇంకా అయిపోలేదు. పాల క్యాను పట్టుకుని పోతున్న ఒక పెద్దాయన ఆగి ఎద్దు వంక చూశాడు.

"ఏంది నాయనా, యాడెద్దు ఇది? మూపురం యాడబోయింది?"

నిజమే. వీపు బల్లలాగా ఉంది. సీమ ఆవుకి తెల్లరంగు పూసినట్టుంది. ఒంగోలులో, ఒంగోలు ఎద్దు! ఈ జాతిని బ్రెజిల్ వాళ్ళు తీసుకుపోయి నెల్లూరు పేరు మీద నెలోర్ అని పిలుచుకుంటున్నారు. అక్కడ ఏ పశువుల కాపరిని అడిగినా మూపురం ఎక్కడుంటుందో వేలు పెట్టి చూపిస్తాడు. కుర్రాడు బిక్కమొహం వేసి ఫోన్ చూపించాడు. "ఇచ్చిన ఫొటోలో ఇట్టానే ఉంది పెద్దాయనా."

రోలర్ ఆయన రోలర్ కింద పెట్టాడు. సుద్దముక్క తీసుకుని, చెయ్యి ఎత్తకుండా ఒక్క గీత గీశాడు. మెడ మీంచి మూపురం లేచి, వీపుకి దిగి, కింద గంగడోలు మడతలు పడింది. పొట్టి కొమ్ములు రెండు పెట్టాడు. పాల పెద్దాయన "ఆఁ... ఇది మనది" అన్నాడు.

ఇంతలో సూపర్‌వైజర్ బండి దిగాడు. శాంపిల్ షీటు తీసి గోడతో పోల్చి చూశాడు. అప్రూవ్ అయిన డిజైన్‌లో మూపురం లేదు, బిల్లు ఆగిపోతుంది అన్నాడు. ఆయన మీద నాకేం కోపం లేదు, అతని గొడవ అతనిది. తడిగుడ్డ తీసుకుని, ఆ గీత గీసినాయన చేతే తుడిపించాడు.

బావా, నువ్వు రోజూ డ్యూటీకి ఆ గోడ పక్కనుంచే పోతావు.