తెలుగు సినిమాకి అన్యాయం జరిగిందట: ఏ అవార్డులో, ఏ ఏడాది, ఎవరికి?

ఈమధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. మా గుంటూరు చుట్టాల గ్రూపులో వచ్చింది, విజయవాడలో మా ఆఫీసు గ్రూపులో వచ్చింది, చివరికి అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ గ్రూపులో కూడా ఎవరో పెట్టారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: బాహుబలి వచ్చేదాకా జాతీయ అవార్డుల్లో తెలుగు సినిమాకి కనీసం నామినేషన్ కూడా ఇవ్వలేదు, ఆర్ఆర్ఆర్‌ని ఆస్కార్‌కి పంపకుండా తొక్కేశారు, పంపి ఉంటే గ్యారంటీగా వచ్చేది, జ్యూరీలు ఎవరూ చూడని సినిమాలకే ఇస్తాయి, కలెక్షనే అసలైన అవార్డు కాబట్టి వెయ్యి కోట్లు కొట్టిన డైరెక్టర్‌కి ఇవ్వని అవార్డు ఒక అవార్డే కాదు.

తెలుగు సినిమా అంటే నాకు ప్రాణం. అందుకే ఈ మెసేజ్ చూస్తే ఒళ్ళు మండింది. మనవాళ్ళకి అన్యాయం జరిగిందని చెప్పే ఊపులో మనవాళ్ళు సాధించినవన్నీ తుడిచిపెట్టేసింది, నిజంగా అడగాల్సిన ప్రశ్నని మాత్రం వదిలేసింది.

ముందు ఆ నామినేషన్ సంగతి. జాతీయ అవార్డుల్లో అసలు నామినేషన్లే ఉండవు. నిర్మాత దరఖాస్తు పెట్టుకోవాలి, ఆ క్యాలెండర్ ఏడాదిలో సెన్సార్ సర్టిఫికెట్ వచ్చి ఉండాలి, ప్రాంతీయ ప్యానెల్ చూస్తుంది, తర్వాత సెంట్రల్ జ్యూరీ చూస్తుంది, నేరుగా విజేతల పేర్లే ప్రకటిస్తారు. ఆస్కార్‌లాగా ఐదు పేర్లు చదివి కవరు చింపే పద్ధతి అక్కడ లేదు. లేని నామినేషన్ ఇవ్వలేదని గొడవేంటి?

ఇక బాహుబలికి ముందు ఏమీ రాలేదన్న మాట. 1954లో వచ్చిన పెద్దమనుషులుకే రాష్ట్రపతి రజత పతకం వచ్చింది. శంకరాభరణం ఒక్కదానికే నాలుగు జాతీయ అవార్డులు: జనరంజక చిత్రంగా ఒకటి, సంగీతానికి కె.వి.మహదేవన్‌కి, పాటలకి బాలుకి, వాణీ జయరాంకి. 1988 నాటి దాసి సినిమాకి అర్చన ఉత్తమ నటి అయింది, ఆ దొరల గడీ వాతావరణాన్ని కళ్ళ ముందు పెట్టిన చిత్రకారుడు వైకుంఠం కళాదర్శకత్వానికి తీసుకున్నాడు. కర్తవ్యంకి విజయశాంతి తీసుకుంది.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించింది శారద గారిని మర్చిపోవడం. మన తెనాలి మనిషి. మూడుసార్లు జాతీయ ఉత్తమ నటి. తులాభారం, స్వయంవరం మలయాళం సినిమాలు, మూడోది 1978 సంవత్సరానికి మన తెలుగు నిమజ్జనం. గుంటూరు గ్రూపులో కూర్చుని 'మనకి ఎప్పుడూ ఇవ్వలేదు' అని ఫార్వర్డ్ చేసేవాళ్ళకి పక్కూరి శారద గుర్తు రాకపోతే ఢిల్లీ వాళ్ళని అని ఏం లాభం?

అయితే మెసేజ్ రాసినవాళ్ళకి తట్టని లోటు ఒకటి నిజంగానే ఉంది. జాతీయ ఉత్తమ దర్శకత్వం అవార్డు ఇప్పటిదాకా ఒక్క తెలుగు సినిమాకీ రాలేదు. ఒక్కదానికి కూడా! 2015 సంవత్సరానికి బాహుబలి ఉత్తమ చిత్రం అయింది, తెలుగు సినిమాకి ఆ అవార్డు రావడం అదే మొదటిసారి, కానీ అదే ఏడాది దర్శకుడి అవార్డు బాజీరావ్ మస్తానీకి భన్సాలీకి వెళ్ళింది. కావాలంటే దీని మీద వాదించండి, నేనూ వస్తాను. నా మటుకు నాకు బాహుబలి గెలిచిందే దర్శకుడి ఊహ వల్ల. శంకరాభరణం ఏడాది మాత్రం ఆ అవార్డు విశ్వనాథ్ గారికి కాకుండా ఏక్‌దిన్ ప్రతిదిన్ తీసిన బెంగాలీ దర్శకుడు మృణాల్ సేన్‌కి వెళ్ళింది. అది అన్యాయం అని నేననలేను. సేన్ మనకి పరాయివాడు కూడా కాదు, అంతకు రెండేళ్ళ ముందే తెలుగులో ఒక ఊరి కథ తీసి వెళ్ళాడు.

ఆస్కార్ విషయానికొస్తే, ఇంటర్నేషనల్ ఫీచర్ (ఇంగ్లీషు కాని సినిమాల) విభాగానికి ఒక దేశం నుంచి ఒక్క సినిమానే వెళ్ళాలి. మన దగ్గర దాన్ని ఎంపిక చేసేది ఫిల్మ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా వేసే కమిటీ. 2022లో వాళ్ళు పాన్ నలిన్ తీసిన గుజరాతీ సినిమా ఛెల్లో షోని పంపారు. అది పదిహేను సినిమాల షార్ట్‌లిస్ట్ దాకా వెళ్ళి ఆగింది. అంతమాత్రాన ఆర్ఆర్ఆర్‌కి దారి మూసుకుపోలేదు. అమెరికా థియేటర్లలో ఆడిన సినిమా కాబట్టి మిగతా విభాగాల్లో సొంతంగా పోటీకి దిగింది, అక్కడ పంపిణీ చేసినవాళ్ళే ప్రచారం భుజాన వేసుకున్నారు, 2023 మార్చిలో నాటు నాటుకి కీరవాణి, చంద్రబోస్ స్టేజీ ఎక్కారు. తొక్కేస్తే ఇది ఎలా జరిగింది?

ఇక 'పంపి ఉంటే గ్యారంటీ' అన్నది ఉత్త మాట. ఆ ఏడాది ఆ విభాగంలో గెలిచింది జర్మనీ వాళ్ళ ఆల్ క్వైట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్. ఉత్తమ చిత్రంతో కలిపి దానికి తొమ్మిది నామినేషన్లున్నాయి. మన దేశం పంపిన సినిమాల్లో ఆ విభాగంలో చివరి ఐదింటిలోకి వెళ్ళినవి అప్పటికి మూడే: మదర్ ఇండియా, సలామ్ బాంబే, లగాన్. మూడూ గెలవలేదు. ఇంత చరిత్ర కళ్ళ ముందు పెట్టుకుని గ్యారంటీ అని ఎలా అంటాం?

ఆ కమిటీ మీద నాకూ కోపం ఉంది. 2013లో ది లంచ్‌బాక్స్‌ని పక్కన పెట్టి ది గుడ్ రోడ్‌ని పంపారు. 2024లో పాయల్ కపాడియా తీసిన ఆల్ వుయ్ ఇమాజిన్ యాజ్ లైట్‌కి కేన్స్ చిత్రోత్సవంలో గ్రాండ్ ప్రి వచ్చింది, అంటే అక్కడ రెండో అతి పెద్ద బహుమతి. అయినా దాన్ని కాదని లాపతా లేడీస్‌ని పంపితే అది షార్ట్‌లిస్ట్‌లోకి కూడా వెళ్ళలేదు. అప్పుడు ఈ గ్రూపుల్లో ఒక్క మెసేజ్ రాలేదు. మన హీరో లేకపోతే అన్యాయం అన్యాయం కాకుండా పోతుందా? తెలుగు నుంచి అధికారికంగా వెళ్ళిన సినిమా ఇప్పటికి ఒక్కటే, 1986 నాటి స్వాతిముత్యం. తీసింది రేపల్లె వైపు పుట్టి గుంటూరులో చదువుకున్న విశ్వనాథ్ గారు. ఇన్నేళ్ళలో ఒక్కటే ఎందుకన్నది గట్టిగా అడగాల్సిన ప్రశ్న. మెసేజ్‌లో అది లేదు.

జ్యూరీలు ఎవరూ చూడని సినిమాలకే ఇస్తాయన్న మాటకి ఎక్కువ జవాబు అక్కర్లేదు. పుష్పకి అల్లు అర్జున్ ఉత్తమ నటుడు, జవాన్‌కి షారుఖ్ ఖాన్ ఉత్తమ నటుడు. ఎవరూ చూడలేదా వీటిని? 2023 సంవత్సరానికి ఉత్తమ తెలుగు చిత్రం భగవంత్ కేసరి. నా బాధ అంతా సరిగ్గా అక్కడే. అదే ఏడాది బలగం ఉంది. పెద్దాయన పోయాక పెట్టిన పిండాన్ని కాకి ముట్టదు, ఊరంతా చెట్ల వైపు చూస్తూ నిలబడుతుంది, మూలుగబొక్క (లోపల మజ్జ ఉండే మాంసం ఎముక) దగ్గర మొదలైన మాటపట్టింపుతో ఏళ్ళ తరబడి పుట్టింటికి రాని ఆడపడుచు ఒక పక్క, పంతం వదలని అన్నదమ్ములు ఇంకో పక్క. చావింట్లో జనం నిజంగా ఎలా మాట్లాడుకుంటారో, ఏడుపు మధ్యలో కూడా ఎలా లెక్కలు చూసుకుంటారో దర్శకుడు వేణు అలాగే తీశాడు. యాస తెలంగాణది, మనది కాదు, అయినా బెజవాడ హాల్లో నా పక్క సీటు పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూనే ఉన్నాడు. దానికి దక్కింది కాసర్ల శ్యామ్ రాసిన పాటకి మాత్రమే. ఆ పాటకి న్యాయం జరిగింది, దర్శకుడికి జరగలేదు. ఇదీ నా ఫిర్యాదు, సినిమా పేరు పెట్టి, ఏడాది పెట్టి చెప్తున్నాను.

కలెక్షన్ గురించి మా బాబాయ్‌తో పెద్ద వాదనే అయింది. "ఏరా, కోట్లమంది చూసిన సినిమా కన్నా నలుగురు చూసింది గొప్పదా?" అన్నాడు. బాబాయ్, నలుగురు చూసింది గొప్పదని నేనెప్పుడన్నాను? విందుకి ఎంతమంది వచ్చారో లెక్కపెట్టి వంటకి మార్కులు వేయకూడదంటున్నాను. మా విజయవాడ గాంధీనగర్‌లో ఏ డిస్ట్రిబ్యూటర్ని అడిగినా చెప్తాడు, కలెక్షన్‌లో ఎన్ని స్క్రీన్లు, ఏ పండగ, టికెట్ రేటు ఎంత అన్నవన్నీ కలిసి ఉంటాయని. పెద్ద సినిమాకి జీవో తెచ్చుకుని రేటు పెంచుతారు, చిన్న సినిమాకి మొదటి వారమే ఒక్క ఆట మిగులుతుంది. ఈ అంకె డైరెక్టర్ పనికి కొలత ఎలా అవుతుంది?

ఆర్ఆర్ఆర్‌కి రాజమౌళికి న్యూయార్క్ విమర్శకుల సంఘం ఉత్తమ దర్శకుడి అవార్డు ఇచ్చింది కలెక్షన్ షీట్ చూసి కాదు. నాటు నాటు చివర్లో చూడండి, అందరూ అలిసి పడిపోయాక భీమ్, రామ్ ఇద్దరే మిగులుతారు, భీమ్ మనసుపడ్డ జెన్నీ భీమ్ కోసం అరుస్తుంటే రామ్ అది గమనించి కావాలనే ఓడిపోతాడు. ఒక్క డైలాగ్ లేకుండా, డాన్స్ ఆగకుండా, స్నేహం ఎంత లోతుకి వెళ్ళిందో చెప్పేశాడు. రాజమౌళికి అవార్డు కావాలని అడిగేటప్పుడు ఇలాంటి చోటు చూపించి అడగండి, వెయ్యి కోట్లు చూపించి కాదు.

ఇంకొకటి కూడా అడగండి. 1964 నుంచి మన ప్రభుత్వమే ఇస్తూ వచ్చిన నంది అవార్డులు. 2014, 2015, 2016 మూడేళ్ళవీ కలిపి 2017 నవంబర్‌లో ఒకేసారి ప్రకటించారు, పెద్ద గొడవైంది, ఆ వరుస అక్కడే ఆగింది. కొత్త దర్శకుడికి, చిన్న సినిమా నటికి, కెమెరా అసిస్టెంట్‌గా మొదలై పైకొచ్చినవాడికి మొదటి గుర్తింపు దొరికే చోటు అది. ఢిల్లీ, లాస్ ఏంజెలస్ సంగతి తర్వాత, ఇన్నేళ్ళుగా నంది ఎందుకు లేదని ఒక మెసేజ్ రాయండి. ఆ మెసేజ్‌ని గుంటూరు గ్రూపులోనూ, విజయవాడ గ్రూపులోనూ నేనే పెడతాను.