కాల్ సెంటర్ ఉద్యోగానికి డిగ్రీ దాచాలా? ఆ మెసేజ్‌లోని ఒక్కో మాటకూ జవాబు

హైదరాబాద్‌లో బీపీఓ ఉద్యోగాలు వెతుక్కునేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ ఏడాది పొడవునా తిరుగుతూనే ఉంటుంది. మాటలు అటూ ఇటూ అయినా సారం ఇది: “కాల్ సెంటర్‌లో డిగ్రీ ఎవరూ చూడరు, ఇంగ్లీషు వస్తే చాలు. బీటెక్, ఎంబీఏ అని చెబితే గేటు దగ్గరే పంపించేస్తారు, కాబట్టి ఇంటర్ అనే రాయండి. ఇంగ్లీష్ మీడియం, 60 శాతం మార్కులు లేనివాళ్లు వెళ్లడం దండగ. ఒకసారి లోపలికి వెళ్లాక డిగ్రీతో పనే లేదు, ఎంతవరకైనా ఎదగొచ్చు. వివరాలకు ఈ నంబరుకు ఫోన్ చేయండి, రిజిస్ట్రేషన్ 2,000.”

డిగ్రీయే చూడనివాళ్లు డిగ్రీ మార్కులు ఎందుకు చూస్తారో ఆ రాసినవాళ్లకే తెలియాలి. అయినా మెసేజ్ మొత్తం అబద్ధం కాదు. అక్కడక్కడా నిజం కలిసి ఉంది కాబట్టే జనం నమ్మి ముందుకు పంపుతున్నారు.

“డిగ్రీ ఎవరూ చూడరు”

ఏ కాల్ సెంటర్‌లో, ఏ ప్రాసెస్‌కు (అంటే ఒక క్లయింటు కోసం చేసే పనికి) అని అడిగితే ఈ మాట నిలవదు. అర్హత ఏమిటన్నది చాలావరకు కాల్ సెంటర్ చేతిలో ఉండదు, పని అప్పగించిన క్లయింటు చేతిలో ఉంటుంది. ఇద్దరి మధ్య కుదిరిన ఒప్పందంలోనే సీట్లో కూర్చునే మనిషికి ఏం ఉండాలో రాసుకుంటారు. అందుకే గచ్చిబౌలిలో ఒకే బిల్డింగ్‌లో, ఒకే కంపెనీలో, మూడో అంతస్తులో ఇంటర్ పాసైతే తీసుకుంటారు, ఐదో అంతస్తులో డిగ్రీ లేకుండా ఇంటర్వ్యూకే పిలవరు.

డొమెస్టిక్ ప్రాసెస్‌లు, అంటే ఫుడ్ డెలివరీ, మొబైల్ కంపెనీలు, ఆన్‌లైన్ షాపింగ్ కస్టమర్ల ఫోన్లు, ఎక్కువగా ఇంటర్‌తో నడుస్తాయి. అక్కడ డిగ్రీ కంటే తెలుగుతో పాటు హిందీ వచ్చా లేదా అన్నదే పెద్ద ప్రశ్న. ఇంటర్నేషనల్ వాయిస్‌లో, అంటే విదేశీ కస్టమర్లతో ఫోన్‌లో మాట్లాడే పనిలో, ఇంటర్ చాలనేవీ ఉన్నాయి, ఏదైనా డిగ్రీ ఉండాలనేవీ ఉన్నాయి. ఇంటర్నెట్, రూటర్, లాప్‌టాప్ లాంటి టెక్నికల్ సపోర్టుకు డిప్లొమా, బీటెక్ వాళ్లే నయం అనుకుంటారు. అకౌంట్స్ పనికి బీకామ్ అడుగుతారు.

హైదరాబాద్‌లో జోరుగా నడిచే ఇంకో పని ఏఆర్ కాలింగ్. అమెరికా ఆసుపత్రికి రావాల్సిన బిల్లు ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర ఎందుకు ఆగిందో ఆ కంపెనీకే ఫోన్ చేసి కనుక్కోవాలి. క్లెయిమ్ ఏ కారణంతో తిరస్కరించారు, ఏ కాగితం పంపితే మళ్లీ చూస్తారు, గడువు ఎప్పటిదాకా ఉంది, ఇవన్నీ రాబట్టి నోట్స్ రాయాలి. దీనికి ఏదైనా డిగ్రీ అడగడం మామూలే. దాని పక్కనే ఉండే మెడికల్ కోడింగ్‌లో, అంటే చికిత్స వివరాల్ని బిల్లు కోసం కోడ్‌లుగా మార్చే పనిలో, ఫోన్లు ఉండవు. అక్కడ లైఫ్ సైన్సెస్, ఫార్మసీ, నర్సింగ్, ఫిజియోథెరపీ చదివినవాళ్లకే మొగ్గు, కోడింగ్ పరీక్ష పాసైతే ఇచ్చే సీపీసీ సర్టిఫికెట్ ఉంటే ఇంకా మంచిది. ఈ రెండింటినీ ఒకటే అనుకుని తప్పు వాకిన్‌కు (నేరుగా వెళ్లి హాజరయ్యే ఇంటర్వ్యూకు) వెళ్లి సాయంత్రం దాకా కూర్చునేవాళ్లు తక్కువేం కాదు.

“బీటెక్ అంటే గేటు దగ్గరే పంపించేస్తారు”

కొన్నిచోట్ల నిజమే. ప్రకటనలోనే ‘బీటెక్, పీజీ వాళ్లు అర్హులు కారు’ అని రాసేవాళ్లూ ఉన్నారు. అయితే దాని వెనక ఉన్నది చదువు మీద చులకన కాదు, డబ్బు లెక్క.

కొత్తగా చేరిన మనిషికి ముందు వాయిస్ అండ్ యాక్సెంట్ ట్రైనింగ్ ఒకటి రెండు వారాలు. తర్వాత ప్రాసెస్ ట్రైనింగ్ మూడు నాలుగు వారాలు, ఏఆర్ కాలింగ్ లాంటివాటికి ఇంకా ఎక్కువ. ఆపైన నెస్టింగ్, అంటే పక్కన ఒకరు వింటూ ఉండగా నిజం కాల్స్ తీసుకోవడం. మొత్తం రెండు నెలల వరకు జీతం పోతూనే ఉంటుంది, పని రాదు. క్లయింటు డబ్బు కట్టేది సాధారణంగా ఫ్లోర్ మీద, అంటే ట్రైనింగ్ అయ్యాక అసలు పనిలో, పనిచేసిన గంటలకు. మధ్యలో మనిషి మానేస్తే వాళ్ల బదులు ఇంకొకరికి ఇచ్చే ట్రైనింగ్ ఖర్చు చాలా ఒప్పందాల్లో కాల్ సెంటర్ మీదే పడుతుంది. ఇరవై మంది బ్యాచ్‌లో ఐదుగురు ‘సాఫ్ట్‌వేర్ ఆఫర్ వచ్చింది’ అని మూడో నెలలో వెళ్లిపోతే ఆ ఐదుగురి మీద పెట్టినదంతా గంగలో పోసినట్టే. రిక్రూటర్ భయం అదీ. బీటెక్ అన్న అక్షరాలు చూడగానే అతనికి కనిపించేది మూడో నెల రాజీనామా.

కాబట్టి బీటెక్ అభ్యర్థి జవాబు చెప్పాల్సింది ఆ భయానికి. ‘కోర్ జాబ్స్‌కు ట్రై చేయట్లేదా?’ అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. ‘ఇంకేం దొరకలేదు సార్, ప్రస్తుతానికి ఇది చేద్దామని’ అన్నారంటే అక్కడితో ఇంటర్వ్యూ అయిపోయినట్టే. ‘నైట్ షిఫ్ట్‌కు ఇంట్లో ఒప్పుకున్నారు, ఉండేది మియాపూర్‌లో, క్యాబ్ బౌండరీ (కంపెనీ క్యాబ్ వచ్చే పరిధి) లోపలే. ఈ రెండేళ్లలో పరీక్షలు, పై చదువులు ఏమీ లేవు. బిల్లింగ్ ప్రాసెస్ నేర్చుకుని అందులోనే ఉండాలనుకుంటున్నాను’ అంటే విషయం వేరు. ఊరు, షిఫ్టు, క్యాబ్, పరీక్షలు: ఈ నాలుగింటికీ సూటిగా జవాబు ఉన్న మనిషిని డిగ్రీ చూసి పంపేయడం అరుదు. చెప్పింది నిజమై ఉండాలని వేరే చెప్పక్కర్లేదు. పీజీ కౌన్సెలింగ్‌కు అప్లై చేసి పెట్టుకుని ఈ మాట చెబితే బయటపడటానికి ఎంతో కాలం పట్టదు.

సప్లీలు మిగిలినవాళ్లకు ఇంకో చిక్కు. పరీక్షలు సరిగ్గా ట్రైనింగ్ రోజుల్లో పడితే సెలవు దొరకదు. ట్రైనింగ్‌లో ఒకటి రెండు రోజులు పోయినా సర్టిఫికేషన్‌కు, అంటే ట్రైనింగ్ చివరి పరీక్షకు, కూర్చోనివ్వని బ్యాచ్‌లు ఉంటాయి. పరీక్షల టైమ్‌టేబుల్ చేతికొచ్చాకే చేరే తేదీ మాట్లాడుకోండి.

“డిగ్రీ దాచి ఇంటర్ అని రాయండి”

మొత్తం మెసేజ్‌లో అన్నిటికంటే ప్రమాదకరమైన సలహా ఇది.

రెజ్యూమెలో ఒక విషయం రాయకపోవడం వేరు, సంతకం పెట్టే ఫారంలో అబద్ధం రాయడం వేరు. ఆఫర్ లెటర్‌తో పాటు బీజీవీ (మీరు చెప్పిన వివరాల తనిఖీ) ఫారం ఇస్తారు. అందులో ‘అత్యున్నత విద్యార్హత’ అని ఒక గడి, హాల్ టికెట్ నంబరు, పాసైన సంవత్సరం ఉంటాయి. కింద ‘పై వివరాలు తప్పని తేలితే ఉద్యోగం నుంచి తొలగించవచ్చు’ అన్న వాక్యానికి సంతకం చేస్తారు. తనిఖీ చేసేది బయటి ఏజెన్సీ. యూనివర్సిటీ పరీక్షల విభాగానికి వివరాలు పంపి జవాబు తెప్పించుకుంటుంది. ఇది వారాలు పట్టే పని కాబట్టి ఈలోగా మీరు చేరిపోయి ట్రైనింగ్‌లో ఉంటారు. రిపోర్టు గ్రీన్ వస్తే సరే. అంబర్ అంటే చిన్న తేడా, హెచ్‌ఆర్ పిలిచి అడుగుతుంది. రెడ్ అంటే ఎక్కువసార్లు ఐడీ కార్డు వెనక్కి ఇచ్చేయడమే.

ఇంటర్ అని రాస్తే ఇంటర్ నిజంగానే పాసయ్యారు కదా, ఎలా దొరుకుతుంది అంటారా? ముందు గ్యాప్ దగ్గర. 2020లో ఇంటర్ అయితే 2024 దాకా ఏం చేశారని అడుగుతారు. చాలామంది అక్కడ ఒక చిన్న ఉద్యోగం కల్పిస్తారు. పీఎఫ్ ఉన్న ఉద్యోగమని చెబితే యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి నంబరు) సర్వీస్ హిస్టరీలో దాని జాడ ఉండాలి, లేకపోతే ఒక దాపరికం కాస్తా రెండు అబద్ధాలు అవుతుంది. నిజంగా చేసి మానేసిన ఉద్యోగాన్ని దాచినా అదే హిస్టరీలో బయటపడుతుంది.

అన్ని కంపెనీలూ ఇంత లోతుగా చూడవు, అదీ నిజమే. కానీ దెబ్బ తర్వాత తగులుతుంది. రికార్డులో ఇంటర్ అని ఉన్న మనిషి ఏడాదిన్నర తర్వాత, డిగ్రీ కావాల్సిన లోపలి పోస్టుకు అప్లై చేయాలంటే సర్టిఫికెట్ ఎక్కడి నుంచి తెస్తాడు? తెచ్చాడంటే మొదటి ఫారం అబద్ధమని తానే రుజువు చేసుకున్నట్టు.

అదే సమయంలో, బీటెక్ నాలుగేళ్లు చదివి మూడు సబ్జెక్టులు మిగిలిపోయినవాళ్లు ‘ఇంటర్’ అని రాయడం దాపరికం కాదు. పూర్తయిన చదువు వాళ్లకు ఇంటరే. ‘బీటెక్ పూర్తి కాలేదు, మూడు సబ్జెక్టులు ఉన్నాయి’ అని నోటితో చెప్పి, పూర్తయిన అర్హత దగ్గర ఇంటర్ అని రాయాలి. ఇక్కడ జరిగే తప్పు తిరగేసి ఉంటుంది: పాస్ కాకుండానే బీటెక్ అని రాసేస్తారు. డిగ్రీ పాసై ఒరిజినల్ ఇంకా రానివాళ్లు ప్రొవిజనల్ సర్టిఫికెట్, సీఎంఎం (అన్ని మార్కులూ ఒకేచోట ఉన్న మెమో), అన్ని సెమిస్టర్ల మెమోలు పెట్టుకుంటే చాలు.

“ఇంగ్లీష్ మీడియం, 60 శాతం లేకపోతే దండగ”

వాయిస్ ప్రాసెస్‌లో డిగ్రీ పాసా కాదా అన్నంతవరకే ప్రశ్న. శాతం అడిగే ప్రాసెస్‌లు లేకపోలేదు కానీ తక్కువ. మీడియం అయితే మీరు చెబితే తప్ప తెలియదు, నోరు తెరిస్తే తెలిసేది వేరే.

చాలాచోట్ల మొదటి వడపోత మెషీన్ చేస్తుంది. వెర్సాంట్ అలాంటి స్పోకెన్ ఇంగ్లీషు పరీక్షే, పావుగంట పైచిలుకు. పాత స్కేలులో స్కోరు 20 నుంచి 80 వరకు, కటాఫ్ ఎంతన్నది క్లయింటు ఇష్టం. వాక్యాలు చదవాలి, విన్న వాక్యం తిరిగి చెప్పాలి, ఒక్క మాటలో జవాబివ్వాలి, చెల్లాచెదురుగా వినిపించిన ముక్కల్ని వాక్యంగా కూర్చాలి, చిన్న కథ విని సొంత మాటల్లో చెప్పాలి. ఎక్కువమంది పోయేది విన్న వాక్యం తిరిగి చెప్పే దగ్గర. మొదటి మూడు మాటలు చెప్పి ఆగిపోతారు, లేదా తప్పు దొర్లిందని మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు. రెండూ నష్టమే. గుర్తున్నంత వరకు ఒకే ఊపులో చెప్పేయాలి. బీప్ వచ్చాక రెండు మూడు సెకన్లు ఊరుకుంటే కూడా స్కోరు పడిపోతుంది. ఇంట్లో రాసేటప్పుడు ఫ్యాన్ ఆపి, వైరున్న హెడ్‌సెట్ పెట్టుకుని, మైకు పెదవుల పక్కకు జరపండి. ఎదురుగా ఉంటే ఊపిరి చప్పుడు కూడా రికార్డవుతుంది.

తర్వాత వాయిస్ రౌండ్‌లో చూసేది ఎంటీఐ, మాతృభాష ఛాయ. తెలుగువాళ్లకు ఇది మూడు చోట్ల పట్టిస్తుంది. ఒకటి, మాట చివర అచ్చు తగిలించడం: ‘చెక్’ కాస్తా ‘చెక్కు’, ‘బ్యాంక్’ కాస్తా ‘బ్యాంకు’. రెండు, మొదట్లో ‘య’, ‘వ’ చేర్చడం: ‘ఓన్లీ’ని ‘వోన్లీ’ అనడం, ‘ఎమ్’, ‘ఎన్’ అక్షరాల్ని ‘యమ్’, ‘యన్’ అనడం. ఆర్డర్ నంబరు చదివేటప్పుడు ఇదే కొంప ముంచుతుంది, అవతలివాళ్లకు రెండూ ఒకటే వినిపిస్తాయి. అందుకే ‘ఎమ్ ఫర్ మైక్, ఎన్ ఫర్ నవంబర్’ అని చెప్పే అలవాటు ఇంటర్వ్యూకు ముందే చేసుకోవాలి. మూడు, ‘జీరో’, ‘ప్లీజ్’లలో పళ్ల మధ్య గాలి ఊదినట్టు రావాల్సిన శబ్దాన్ని మన ‘జ’తో పలకడం. వీటిని రోజూ పది నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేసుకుని వింటే నెలలో తేడా తెలుస్తుంది. అమెరికన్ యాసను అనుకరించడం మాత్రం వద్దు. వాళ్లు అడిగేది యాస లేని మాట, తెచ్చిపెట్టుకున్న యాస కాదు.

ఇక ‘మీ గురించి చెప్పండి’ అనగానే ‘మైసెల్ఫ్’ అని మొదలుపెట్టి, నాన్న వృత్తి, అమ్మ గృహిణి, ఒక తమ్ముడు, హాబీ క్రికెట్ అని బట్టీ పట్టింది అప్పగిస్తే రిక్రూటర్ పెన్ను కింద పెట్టేస్తాడు. బట్టీ అని తెలియగానే మధ్యలో ఆపి ‘పొద్దున ఇక్కడికి ఎలా వచ్చారో చెప్పండి’ అంటాడు. అసలు ఇంటర్వ్యూ అప్పుడే మొదలైనట్టు.

చాట్, ఈమెయిల్ ప్రాసెస్‌లలో ఉచ్చారణ గొడవ లేదు. నిమిషానికి 30 మాటల టైపింగ్, 90 శాతం కచ్చితత్వం ఉంటే చాలాచోట్ల గట్టెక్కొచ్చు.

“లోపలికి వెళ్లాక డిగ్రీతో పనే లేదు”

టీమ్ లీడర్, క్వాలిటీ, ట్రైనర్ దాకా ఇది చాలాచోట్ల నిజం. ఐజేపీకి, అంటే కంపెనీ లోపలే వేరే పోస్టుకు వెళ్లడానికి, చూసేది ఫ్లోర్ మీద ఏడాది పని, చివరి కొన్ని నెలల స్కోర్లు, వార్నింగ్ లెటర్ లేకపోవడం. వాయిస్ వదిలేసి అకౌంట్స్, అనలిటిక్స్, హెచ్‌ఆర్ వైపు వెళ్లాలంటే మాత్రం డిగ్రీ అడుగుతారు. కంపెనీ మారినా ఇదే గొడవ. ఇంటర్‌తో చేరినవాళ్లకు దూరవిద్య దారి ఉంది. 1982లో మొదలైన మన అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అందుకే ఉంది. గుర్తింపు పొందిన సంస్థల దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ 2022లో స్పష్టం చేసింది. చేరే ముందు ఆ కోర్సుకు, ఆ సంవత్సరానికి యూజీసీ అనుమతి ఉందో లేదో చూసుకోండి. ‘ఆరు నెలల్లో డిగ్రీ’ అని ఎవరైనా అంటే అది బీజీవీలో రెడ్ తెచ్చే కాగితమే.

అదే బ్యాచ్‌లో డిగ్రీ ఉన్నవాళ్లకు జీతం ఎక్కువని కూడా కొందరు కలుపుతున్నారు. మామూలుగా ఒక బ్యాచ్ ఫ్రెషర్లందరికీ ఒకటే జీతం. తేడా వచ్చేది ప్రాసెస్, భాష, అనుభవం, షిఫ్టు వల్ల.

“రిజిస్ట్రేషన్ 2,000”

కంపెనీ కన్సల్టెన్సీకి డబ్బు ఇస్తుంది, అభ్యర్థి కాదు. రిజిస్ట్రేషన్, ట్రైనింగ్ డిపాజిట్, హెడ్‌సెట్ ఖర్చు, పేరు ఏదైనా చేరకముందు డబ్బు అడిగారంటే లేచి వచ్చేయండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ‘జాయినింగ్ దాకా మా దగ్గరే ఉంచండి’ అన్నా అంతే. చూపించండి, జిరాక్స్ ఇవ్వండి, ఒరిజినల్ మాత్రం అదే రోజు మీతో ఇంటికి రావాలి.

వాకిన్‌కు బయల్దేరే ముందు రిక్రూటర్‌కు ఫోన్ చేసి ఇవి అడగండి: ప్రాసెస్ ఏది, వాయిసా చాటా, అర్హత ఇంటరా డిగ్రీయా, బీటెక్, పీజీ వాళ్లను తీసుకుంటారా, సప్లీలు ఉంటే పర్వాలేదా, షిఫ్టు ఏది, మా ఏరియాకు క్యాబ్ వస్తుందా, చేతికి ఎంత వస్తుంది. మీ చదువు ఉన్నవాళ్లను ‘తీసుకోరు’ అని జవాబు వస్తే ఆ వాకిన్ వదిలేసి, తీసుకునే ప్రాసెస్ వెతుక్కోండి.