కవర్‌లో పెట్టలేనిది

యేసు స్వస్థపరచిన పదిమంది కుష్ఠరోగుల్లో తిరిగొచ్చి కృతజ్ఞత చెప్పింది ఒక్కడే అని కృతజ్ఞత మీద మీరు వేసిన వ్యాసంలో రాశారు. బాగుంది. కానీ ఆ కథ ఉన్న బైబిల్ లూకా సువార్త 17వ అధ్యాయంలో ఇంకో మాట ఉంది, అతను సమరయుడు. యూదులు దూరం పెట్టే మనిషి. తనకు అర్హత లేదని తెలిసినవాడికే కృతజ్ఞత తన్నుకొస్తుందేమో.

మాది కాజీపేట. నేను తాగుడు మానేసి ఏడాదైందని ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టాం. షామియానా, బిర్యానీ, పాస్టర్ గారికి కవర్, అన్నీ ఘనంగానే. అందరూ వెళ్లాక అమ్మ గిన్నెలు తోముతూ, తలెత్తకుండానే, "తమ్మునికి ఇయ్యాల్సిన ఇరవై వేలు ఎప్పుడిస్తవ్ బిడ్డా?" అంది. ఆ రోజు విన్న ప్రసంగం కన్నా (పాస్టర్ గారు క్షమించాలి) అదే గట్టిగా తగిలింది. నెలకు రెండు వేలు తీరుస్తున్నా. ఇంకా నాలుగు నెలలుంది.