పులికాట్ పక్షులను చూపించాల్సింది పులికాట్ జనమే

చలికాలం ఆదివారాల్లో సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద కార్లు వరసగా ఆగుతాయి. జనం దిగుతారు. దూరంగా నీళ్ల మీద లేత గులాబీ రంగు చార ఒకటి కనిపిస్తుంది. అవేనా ఫ్లెమింగోలు అని ఒకరినొకరు అడుగుతారు. ఫోన్ ఎంత జూమ్ చేసినా చుక్కలే వస్తాయి. అన్నీ ఒక్కసారి ఎగిరితే ఫొటో బాగుంటుందని ఎవరో చప్పట్లు కొడతారు, కేకలేస్తారు. కాసేపటికి అందరూ కార్లెక్కి వెళ్లిపోతారు. చిలికా తర్వాత దేశంలోనే అతిపెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్ దగ్గరికి వచ్చి, ఆ సరస్సు గురించి ఒక్క ముక్క కూడా తెలుసుకోకుండానే తిరిగెళ్తారు.

తప్పు వాళ్లది కాదు. చెప్పే మనిషి అక్కడ లేడు. అసలు చిత్రం ఏంటంటే, ఆ మనిషి దగ్గర్లోనే ఉన్నాడు. అదే నీళ్లలో వల వేస్తున్నాడు, అదే బురదలో పీతలు పడుతున్నాడు. ఏ పక్షి ఏ నెలలో దిగుతుందో, ఏ మూల నీళ్లు తగ్గితే ఎక్కడికి జరుగుతుందో చిన్నప్పటి నుంచి చూస్తున్నాడు. అతన్ని పిలిచి, నాలుగు రూపాయలిచ్చి, 'నువ్వు చూపించు' అనే ఏర్పాటు మనం చేసుకోలేదు. పులికాట్‌లో, దగ్గర్లోని నేలపట్టు పక్షుల అభయారణ్యంలో పక్షుల్ని చూపించే పని అక్కడి జాలర్లకు, యానాదులకు, చెరువు కింది రైతుల పిల్లలకు జీతమొచ్చే వృత్తి కావాలి. ఇది పర్యాటక శాఖ తీరిక ఉన్నప్పుడు ఆలోచించే విషయం కాదు. సరస్సు బతకడానికి ఇంతకంటే నమ్మదగ్గ దారి నాకు కనిపించడం లేదు.

ఫ్లెమింగో ఫెస్టివల్ ఉంది కదా అంటారు. ఉంది. 2001లో మొదలైంది, మధ్యలో కొన్నేళ్లు ఆగి 2025 జనవరిలో మళ్లీ జరిగింది. మూడు రోజులు సూళ్లూరుపేట కళకళలాడింది. పండుగంటే నాకు వ్యతిరేకత లేదు. పిల్లలు బస్సుల్లో వచ్చి పక్షుల్ని చూడటం మంచిదే. కానీ పక్షులు ఉండేది మూడు రోజులు కాదు, అక్టోబరు నుంచి వేసవి మొదలయ్యే దాకా. స్టేజీ మీద పాటలయ్యాక, స్టాళ్లు పీకేశాక, మిగతా అయిదారు నెలలు వచ్చే సందర్శకుడికి చేతికి బైనాక్యులర్ ఇచ్చి పక్కన నిలబడేవాడు ఎవరు? పండుగకు పెట్టే ఖర్చులో కొంత ఆ మనిషికి పెడితే ఆ డబ్బు సీజన్ పొడవునా పనిచేస్తుంది.

గైడ్ ఉంటే ఏం మారుతుందో చెప్తాను. ఆ గులాబీ చార నిజానికి రెండు రకాల పక్షులు కావచ్చు. పెద్ద ఫ్లెమింగో పాలిపోయిన రంగులో పొడుగ్గా ఉంటుంది, ముక్కు గులాబీ రంగు, కొస మాత్రం నలుపు. చిన్న ఫ్లెమింగోకు రంగు చిక్కన, ముక్కు ముదురు ఎరుపు. పెద్దది బురదలోని చిన్న చిన్న పురుగుల్ని, రొయ్య జాతి జీవుల్ని తింటుంది, చిన్నది ఎక్కువగా నాచు మీద బతుకుతుంది. రెండూ తల తలకిందులుగా నీళ్లలో పెట్టి, నాలుకతో నీళ్లు లోపలికి లాగి, ముక్కు అంచుల్లోని జల్లెడలాంటి పళ్ల గుండా బయటికి తోస్తాయి. వాటి ఒంటి రంగు కూడా ఆ తిండి నుంచి వచ్చిందే. మధ్యలో బూడిద రంగులో కనిపించేవి వేరే జాతి కాదు, ఇంకా రంగు రాని పిల్లలు.

ఇది తెలిసిన మనిషికి తర్వాతి ప్రశ్న దానంతటదే వస్తుంది: ఈ పద్ధతిలో తినాలంటే నీళ్లు ఎంత లోతుండాలి? మోకాలి లోతు చాలు, కానీ ఉప్పు, తీపి సరిపాళ్లలో కలవాలి. అంటే ఎగువన స్వర్ణముఖి, కాళంగి నదుల నుంచి నీళ్లు రావాలి, దిగువన సముద్రపు పోటు లోపలికి రావాలి. సరస్సు సముద్రంతో కలిసే రాయదొరువు, తూపిలిపాళెం ముఖద్వారాలు ఇసుక మేటేసి పూడిపోతే చేపా ఉండదు, పక్షీ ఉండదు. ముఖద్వారాల పూడికతీత గురించి జాలర్లు ఏళ్ల తరబడి మొరపెట్టుకుంటుంటే అది వాళ్ల సొంత గోడులాగే వినిపించింది. పక్షిని దగ్గరగా చూసి, పక్కనే ఆ మాట వింటే, నెల్లూరు నుంచి, తిరుపతి నుంచి, చెన్నై నుంచి వచ్చిన కుటుంబానికి కూడా అది తమ విషయమవుతుంది.

నేలపట్టు సంగతి ఇంకా గొప్పది. అక్కడ నీళ్లలో నిలబడ్డ కడప అనే జాతి చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. పిల్లలకు కావాల్సిన చేపలు మాత్రం ఆ చెరువులోనే సరిపోవు. పెద్ద పక్షులు పులికాట్‌కు, చుట్టుపక్కల చెరువులకు వెళ్లి గొంతు సంచీలో తెచ్చుకుంటాయి. అంటే చెట్టు ఒక ఊళ్లో, తిండి ఇంకో ఊళ్లో. ఒకదాన్ని అభయారణ్యంగా కంచె వేసి కాపాడి, రెండోదాన్ని పాడు చేస్తే గూళ్లు ఖాళీ. దారిలో ఉన్న వరి మళ్లు, తాటి తోపులు, దొరువులు కూడా ఈ కథలో భాగమే. కంచె లోపలే పక్షులున్నాయనుకునే సందర్శకుడికి, గట్టు మీద తీతువునీ కరెంటు తీగ మీద పాలపిట్టనీ చూపిస్తూ నడిపించే గైడ్ కావాలి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు 'సైబీరియా నుంచి వచ్చిన అతిథులు' అని ఏటా పత్రికల్లో, బోర్డుల మీద, టీవీల్లో చెప్తూనే ఉంటాం. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో, తేలుకుంచిలో, గుంటూరు దగ్గర ఉప్పలపాడులో ఇదే వరస. కొన్ని బాతులు, ఉల్లంకులు నిజంగానే హిమాలయాలు దాటి వస్తాయి. కానీ గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ, నత్తగుల్ల కొంగ ఇక్కడివే. ఇక్కడే గుడ్లు పెట్టి, ఇక్కడే పిల్లల్ని చేసి, నీటిని బట్టి ఈ ప్రాంతంలోనే తిరిగే పక్షులు. ఇది చిన్న పొరపాటు కాదు. అతిథి అంటే కొన్నాళ్లుండి వెళ్లేవాడు. ఈసారి రాకపోతే 'అక్కడేదో అయ్యుంటుంది' అని సరిపెట్టుకుంటాం. మన ఊరి చింతచెట్టు మీద పుట్టిన పక్షి కనిపించకపోతే జవాబు చెప్పాల్సింది మనమే: చెట్టు ఎవరు కొట్టారు, చెరువు ఎవరు పూడ్చారు, చేపల కోసం మందు ఎవరు కలిపారు? తేలినీలాపురం జనం ఆ పక్షుల్ని తమ ఆడపడుచులంటారు. సైబీరియా మాటకంటే అదే నిజానికి దగ్గర. కాన్పుకు పుట్టింటికి వచ్చిన పిల్లలే అవి.

ఈ పద్ధతి పనిచేస్తుందా అంటే ఒడిశా వెళ్లి చూడొచ్చు. చిలికా ఉత్తరపు అంచున మంగళాజోడి అనే ఊరుంది. ఒకప్పుడు వేటగాళ్ల ఊరు. బాతుల్ని విషం పెట్టి, వలేసి పట్టి మాంసానికి అమ్మేవారు. కేసులు, దాడులు ఆ వేటను ఆపలేకపోయాయి. పర్యావరణ కార్యకర్తలు ఊళ్లోనే కూర్చుని మాట్లాడారు, 2000లో ఊరివాళ్లే పక్షుల రక్షణ సమితి పెట్టుకున్నారు. ఆ తర్వాత వేటగాళ్లకే పుస్తకం, బైనాక్యులర్ ఇచ్చి గైడ్లను చేశారు. ఇప్పుడు వాళ్లు మోటారు లేని పడవలో వెదురు గడతో తోసుకుంటూ తీసుకెళ్తారు. పక్షి లేవకుండా ఎంత దగ్గరికి వెళ్లొచ్చో వాళ్లకు అంగుళం లెక్కన తెలుసు. ఆ నేర్పు వేటలో వచ్చిందే. చలికాలంలో అక్కడ పక్షులు లక్షల్లో దిగుతాయి. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల అభయారణ్యంలో రిక్షా తొక్కేవాళ్లు పక్షుల పేర్లు గుక్కతిప్పుకోకుండా చెప్తారు, ఏ చెట్టు మీద ఏ గుడ్లగూబ పడుకుంటుందో చూపిస్తారు. ఒడిశా పల్లెకు, రాజస్థాన్ రిక్షావాలాకు చేతనైంది మన పులికాట్‌లోని వేనాడు, ఇరకం దీవుల కుర్రాళ్లకు చేతకాదని ఎవరంటారు?

జనం పెరిగితే పక్షులు బెదురుతాయని, వాటి మానాన వదిలేయాలని పక్షి ప్రేమికులే కొందరంటారు. ఆ భయం నిజమైనదే. గూడు మీదున్న పక్షిని లేపితే గుడ్లు ఎండకు మాడతాయి, పిల్లల్ని కాకులు, గద్దలు ఎత్తుకుపోతాయి. కానీ జనం ఇప్పటికే వస్తున్నారు, ఆపేవాడు లేకుండా వస్తున్నారు. కేకలేసేవాడి చెయ్యి పట్టుకుని ఆపగలిగేది అక్కడే ఉండి, ఆ పక్షి మీద రేపటి కూలి ఆధారపడ్డ మనిషే. ఉన్న కొద్దిమంది అటవీ సిబ్బంది అంత నీటిని, అంత రోడ్డును కాపలా కాయలేరు.

నాకు ఇందులో పక్షులకంటే పెద్ద విషయం కనిపిస్తుంది. మన దగ్గర ఊరివాడికి తెలిసింది తెలివి కింద లెక్కలోకి రాదు. యానాదులు శ్రీహరికోట అడవిలో ఏ ఆకు దేనికో, ఏ కలుగులో ఏముందో తెలిసిన జనం. రాకెట్ కేంద్రం వచ్చాక చాలామంది ఆ దీవిని వదలాల్సి వచ్చింది. ఆ తెలివికి ఆ తర్వాత మనం కట్టిన విలువ రొయ్యల చెరువు దగ్గర కాపలా కూలి. పక్కనే తమిళనాడులో ఇరుళర్ గిరిజనులు 1978లో పాములు పట్టేవాళ్ల సహకార సంఘం పెట్టుకున్నారు. దేశంలో పాముకాటు మందు తయారీకి కావాల్సిన విషంలో ఎక్కువ భాగం వాళ్ల చేతుల మీదుగానే వచ్చింది. వాళ్లలో మాసి సదయ్యన్, వడివేల్ గోపాల్‌లను కొండచిలువలు పట్టడానికి అమెరికాలోని ఫ్లోరిడా వాళ్లు పిలిపించుకున్నారు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. పాముకాటుతో చావాల్సిన ఎంతోమంది బతికారు, పాములూ బతికాయి, ఎందుకంటే విషం తీశాక వాటిని తిరిగి వదిలేస్తారు. అనుభవంతో వచ్చిన చదువుకు జీతం కట్టిస్తే ఇంత జరుగుతుంది.

మన పర్యాటక ప్రణాళికలు చూడండి. రిసార్టు, వ్యూ పాయింట్, ఫుడ్ కోర్టు, రంగుల లైట్లు. కట్టడానికి కాంట్రాక్టరు దొరుకుతాడు, బిల్లు పాసవుతుంది, ప్రారంభోత్సవానికి శిలాఫలకం ఉంటుంది. మనిషికి శిక్షణ ఇస్తే శిలాఫలకం వేయడానికి చోటుండదు. అందుకే కోట్లు సిమెంటుకు వెళ్తాయి. సిమెంటు పడ్డ చోట పక్షి దిగదు, వల వేసేవాడికి ఒడ్డు మిగలదు.

అడుగుతున్నది పెద్ద ఖర్చు కాదు. వర్షాకాలంలో, పక్షులు రాకముందే, అటవీ శాఖ సరస్సు చుట్టూ ఉన్న ఊళ్ల నుంచి ఆడా మగా కలిపి మనుషుల్ని ఎంచుకుని శిక్షణ ఇవ్వాలి. ఊరికి రెండు మంచి బైనాక్యులర్లు, స్టాండు మీద పెట్టే టెలిస్కోపు ఒకటి ఇవ్వాలి. తెలుగు పేర్లతో ఒక పక్షుల చార్టు అచ్చేయించాలి. రుసుము బోర్డు మీద రాసి, ఆ డబ్బు ఊరి సమితి ఖాతాలోనే పడాలి, జిల్లా ఆఫీసుకు వెళ్లి ఏడాదికి తిరిగి రావడం కుదరదు. ఒక గైడ్ వెంట ఎంతమంది వెళ్లొచ్చో, పడవ గుంపుకు ఎంత దూరంలో ఆగాలో రాతపూర్వకంగా ఉండాలి. గూళ్ల కాలంలో నేలపట్టు లోపలి గట్లు మూసేసే అధికారం కూడా ఆ సమితికే ఇవ్వాలి.

గైడ్ లైసెన్సుకు డిగ్రీ, ఇంగ్లీషు అని నిబంధన మాత్రం పెట్టొద్దు. పరీక్ష అటకానితిప్ప దగ్గర సరస్సు ఒడ్డు మీద పెట్టండి. ఎదురుగా కనిపించే పక్షిని చూపించి దాని పేరు ఏంటి, ఏం తింటుంది, గూడు ఎక్కడ కడుతుంది, ఎన్ని అడుగులు దగ్గరికి వెళ్తే లేచిపోతుంది అని అడగండి. సరిగ్గా చెప్పినవాళ్లకు ఆ సాయంత్రమే కార్డు చేతికివ్వండి.