కాపలాదారు కాపురం మార్చాడు

"ఏముంది, డేటాబేస్ కాపీ, ఫోల్డర్ కాపీ, అంతేగా!" విండోస్ సర్వర్ మీద ఏళ్లుగా నెట్‌వర్క్‌కి కాపలా కాస్తూ గ్రాఫులు గీస్తున్న క్యాక్టై సాఫ్ట్‌వేర్‌ని లినక్స్‌లోకి మార్చాలన్నప్పుడు ఈ మాట అనేవాడు ఎప్పుడూ ఆ పని చేయబోయేవాడు కాడు. చేయబోయేవాడు నోరు మూసుకుని మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌ని డంప్ ఫైలుగా తీసి, గ్రాఫుల అంకెలుండే ఆర్‌ఆర్‌ఏ ఫోల్డర్‌తో సహా కొత్త మెషీన్‌లో దించి, పరికరాల నుంచి అంకెలు సేకరించే పోలర్‌ని నడిపిస్తాడు.

పోలర్ లేవగానే సీ డ్రైవ్ ఎక్కడని అడుగుతుంది. దాని తప్పేం లేదు. గ్రాఫులు గీసే ఆర్‌ఆర్‌డీటూల్, పీహెచ్‌పీ, ఎస్‌ఎన్‌ఎంపీగెట్ లాంటి ప్రోగ్రాములు ఎక్కడున్నాయో ఆ దారులన్నీ డేటాబేస్‌లోనే ఉంటాయి. డంప్‌తో పాటు అవీ వచ్చేశాయి. సెట్టింగ్స్‌లో పాత్స్ ట్యాబ్ తెరిచి ఒక్కొక్కటీ దిద్దాలి.

తర్వాత గ్రాఫుల వంతు. "ఈ ఆర్‌ఆర్‌డీ వేరే ఆర్కిటెక్చర్ మీద తయారైంది" అని ఆర్‌ఆర్‌డీటూల్ మొహం తిప్పుకుంటుంది. ఆర్‌ఆర్‌డీ అంటే గ్రాఫు అంకెలు దాచే బైనరీ ఫైలు; 32 బిట్ విండోస్‌లో పుట్టినది 64 బిట్ లినక్స్‌కి పనికిరాదు. పాత మెషీన్ మీదే ప్రతి ఫైలునూ ఆర్‌ఆర్‌డీటూల్ డంప్‌తో ఎక్స్‌ఎమ్‌ఎల్‌గా మార్చి, కొత్తదాని మీద రీస్టోర్ చేయాలి. ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలు అసలుదానికన్నా బాగా లావు, కాబట్టి డిస్కులో చోటు చూసుకోవాలి. ఈ సంగతి తెలిసి పాత మెషీన్ దగ్గరికి పరుగెత్తేసరికి దాన్ని ఎవరో ఫార్మాట్ కొట్టేసి ఉంటారు. ఆఫీసులో అడగకుండానే అయిపోయే పని అదొక్కటే.

పాత మెషీన్ బతికుంటే అదృష్టమే, కానీ దాని గడియారం ఓ పది నిమిషాలు ముందుకు నడుస్తూ ఉండవచ్చు. అప్పుడు చివరి అప్‌డేట్ భవిష్యత్తులో పడి ఉంటుంది. అంతకన్నా పాత సమయంతో వచ్చిన అంకెను ఆర్‌ఆర్‌డీ తీసుకోదు. ఆ పది నిమిషాలూ గడిచేదాకా చేతులు కట్టుకుని కూర్చోవడమే. ముందే రెంటికీ గడియారాలను సరిచేసే ఎన్‌టీపీ పెట్టి ఉంటే ఈ తపస్సు తప్పేది.

ఇక అసలు వేడుక. తెర నిండా ఎరుపు! రౌటర్లు పోయాయి, స్విచ్‌లు పోయాయి, ఆ తెర చూపిస్తున్న సర్వర్ కూడా పోయిందట. పెద్దసారు ఆ వార్త చదువుతున్నది మాత్రం అదే నెట్‌వర్క్ మీద. మొగుణ్ణి కొట్టి మొగసాలకెక్కినట్టు, లోపం తనలో పెట్టుకుని క్యాక్టై ఊరందరి మీదా ఫిర్యాదు చేస్తోంది. స్పైన్ అనే పోలర్‌కి రూట్ (అడ్మిన్) హక్కు ఇవ్వలేదు కనుక, పరికరం బతికుందా అని అడిగే ఐసీఎంపీ పింగ్‌ని అది పంపలేదు. పరికరాలను అంకెలడిగే ఎస్‌ఎన్‌ఎంపీ మాటకొస్తే, యాక్సెస్ లిస్టు (అనుమతుల జాబితా) ప్రకారం రౌటర్ పాత ఐపీకే జవాబిస్తుంది. కొత్తవాడికి "పో" అని కూడా అనదు, ఊరుకుంటుంది. పాతదాన్ని ఆపేసి ఆ ఐపీనే కొత్తదానికి ఇవ్వడం సుఖం. "ఆపేసి" అన్నది ముఖ్యం. రెండూ ఒకే ఐపీతో లేస్తే ఆ ఎరుపు నిజమే అవుతుంది.

తొందరలో పోలర్‌ని రూట్‌గా ఒక్కసారి నడిపినా, కొత్తగా పుట్టిన ఫైళ్లన్నీ రూట్ సొత్తవుతాయి. అయిదు నిమిషాలకోసారి క్రాన్ అనే షెడ్యూలర్ పోలర్‌ని నడిపే మామూలు యూజర్ వాటిని ముట్టుకోలేడు. కొత్త అంకె రాకుండా హార్ట్‌బీట్ గడువు 600 సెకన్లు దాటితే గ్రాఫులో తెల్లటి ఖాళీ. ఏడాది పొడవునా గ్రాఫు చూడనివాళ్లు కూడా ఆ ఖాళీని మాత్రం పట్టేస్తారు.

ఎరుపు పోయి అంతా పచ్చబడ్డాక ఒక్క హెచ్చరిక మెయిలూ రాదు. అందరూ సంతోషిస్తారు. అసలు సంగతి, మెయిలే వెళ్లడం లేదు. విండోస్‌లో పీహెచ్‌పీ మెయిల్, దాని సెట్టింగులుండే ఐఎన్‌ఐ ఫైల్లో రాసిన ఎస్‌ఎమ్‌టీపీ (మెయిల్ పంపే) సర్వర్‌కి నేరుగా వెళ్లేది. లినక్స్‌లో అది సెండ్‌మెయిల్ ప్రోగ్రామ్‌ని వెతుకుతుంది. దాన్ని ఎవరూ ఇన్‌స్టాల్ చేయలేదు. కాబట్టి చివర్లో ఏదో ఒక స్విచ్ కేబుల్ పీకి, మెయిల్ వస్తుందో లేదో చూడాలి. పీకేముందు ఆ స్విచ్ వెనకాల మెయిల్ సర్వర్ లేదని రూఢి చేసుకోవాలి.